ఓమ్ సూత్రానికి ఒక సవరణ

మా విశ్వవిద్యాలయం తొందరపడి ఏ నిర్ణయమూ తీసుకోదు. ఈ మాట ముందే చెప్పడం నా ధర్మం. నేను అక్కడ పౌర సంబంధాల అధికారిని. ఎక్కడ సమావేశం జరిగినా దాని మీద పత్రికా ప్రకటన రాయడం నా పని. అందుకని ప్రతి సమావేశంలోనూ చివరి కుర్చీ నాదే. కరెంటు అంటే స్విచ్చి వేస్తే వచ్చేదనీ, ఎండాకాలంలో పోయేదనీ తప్ప నాకింకేమీ తెలియదు. కాబట్టి ఈ వ్యవహారంలో నేను ఎవరి పక్షమూ కాదు.

మా ఇంజనీరింగు కళాశాలలో మొదటి సంవత్సరం పిల్లలందరూ ‘ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ మౌలికాంశాలు’ అనే సబ్జెక్టు చదవాలి. ఆ ఏడాది పరీక్షలో ఒక మార్కు ప్రశ్న ఒకటి ఇలా వచ్చింది: పన్నెండు వోల్టుల బ్యాటరీకి నాలుగు ఓమ్‌ల నిరోధం కలిపితే ఎంత కరెంటు ప్రవహిస్తుంది? తెలిసినవాళ్ళు పన్నెండును నాలుగుతో భాగించి మూడు ఆంపియర్లని రాశారు. తెలియనివాళ్ళు, రెండంకెలు పక్కపక్కన కనబడితే గుణించడం చిన్నప్పటి నుంచీ అలవాటు కాబట్టి, నలభై ఎనిమిదని రాశారు. పేపర్లు దిద్దేవాళ్ళకు పరీక్షల విభాగం పంపిన ‘కీ’లో జవాబు నలభై ఎనిమిదని వుంది.

ఒక్క మార్కు. బాగా చదివేవాళ్ళకు ఆ మార్కు పోయినట్టే తెలియలేదు. బొత్తిగా ఫెయిలైనవాళ్ళకు విచారించడానికి ఇంతకంటే పెద్ద విషయాలున్నాయి. గమనించింది సాకే మారెక్క ఒక్కతే. ఆమెకు ముప్పై తొమ్మిది వచ్చాయి. పాసు మార్కు నలభై.

మారెక్కది కళ్యాణదుర్గం పక్కన ఒక పల్లె. నానమ్మ పేరు పెట్టారు. ఆ పేరు వల్ల ఆమెను పిలిచిన ప్రతివాళ్ళూ, ఆఖరికి ప్రొఫెసర్లు కూడా, అక్కా అనే పిలవాల్సి వచ్చేది. గొప్ప తెలివైన పిల్లేమీ కాదు. పరీక్షల ముందు వారం రోజులు జ్వరంతో పడుకుని లేచి వచ్చి రాసింది. అయితే వచ్చింది వచ్చిందనీ, రానిది రాలేదనీ చెప్పే పిల్ల. ఆ సబ్జెక్టు తప్పితే రెండో సంవత్సరంలోకి పోవడం కుదరదు. ఏడాది పోతే హాస్టల్ సీటు పోతుంది. హాస్టల్ సీటు పోతే చదువే పోతుంది.

సంగతి విని వాళ్ళమ్మ ఫోనులో అందట: “మే మారెక్కా, ఒక్క మార్కే గదా తక్కువైండేది? ఆ సారును అడిగి తెచ్చుకోరాదా? పెరుగు తోడు లేకుంటే పక్కింట్లో అడగమా మనము?”

“అడుక్కునేదేమీ లేదుమా. నాదే, వాళ్ళకాడ ఉండిపోయింది. పోయి తెచ్చుకుంటా” అందట మారెక్క.

ఆమె ముందుగా వెళ్ళింది తనకు పాఠం చెప్పిన డాక్టర్ చిదానందంగారి దగ్గరికి. చిదానందం కాంట్రాక్టు మీద పనిచేసే అధ్యాపకుడు. సన్నగా, తల కాస్త వంచుకుని నడిచే మనిషి. ప్రతి ఏప్రిల్‌లోనూ ఆయన ఉద్యోగం పోయేది, ప్రతి జూన్‌లోనూ తిరిగి వచ్చేది. ఆ జూన్‌కూ మళ్ళీ ఏప్రిల్‌కూ మధ్య ఎవరితోనూ పేచీ పెట్టుకోకూడదన్నది ఆయన జీవన సూత్రం. ఆయన జవాబుపత్రం చూసి, కీ చూసి, మళ్ళీ జవాబుపత్రం చూశాడు.

“అచ్చు తప్పమ్మా ఇది. రేపే సరిచేయిస్తాను” అన్నాడు.

పరీక్షల నియంత్రణాధికారి ఆచార్య దండపాణిగారి గదికి ఆయన వెళ్ళినప్పుడు నేనక్కడే వున్నాను. ఫలితాల మీద ప్రకటన రాస్తున్నాను.

“కీ తప్పంటారా?” అన్నారు దండపాణిగారు. కోపంగా కాదు. ఆయనెప్పుడూ కోప్పడరు. “మీరు కాంట్రాక్టు మీద వున్నారు కదూ?”

“అవునండీ.”

“సంతోషం. చూడండి, కీ తప్పు కాజాలదు. జవాబు తప్పో ఒప్పో దేన్ని బట్టి తేలుస్తాం? కీని బట్టి. మరి కీ తప్పో ఒప్పో దేన్ని బట్టి తేలుస్తారు మీరు?”

“శాస్త్రాన్ని బట్టి సార్.”

“శాస్త్రం మా విభాగానికి ఎప్పుడు వచ్చింది? ఇన్‌వర్డ్ నంబరు వుందా?”

చిదానందం దగ్గర నంబరు లేదు.

దండపాణిగారు అప్పుడు ఆయనకు కుర్చీ చూపించి, నచ్చజెప్పారు. నలభై ఎనిమిదని రాసి బొటాబొటిగా గట్టెక్కినవాళ్ళు చాలామంది వున్నారు. కీ మారిస్తే వాళ్ళంతా ఫెయిలవుతారు. ఉత్తీర్ణతా శాతం పడిపోతుంది. ఆ శాతాన్ని ఇప్పటికే కళాశాలలకు గ్రేడులిచ్చే సంస్థకు పంపేశారు. ‘చరిత్రలో ఎన్నడూ లేని ఫలితాలు’ అని నేను రాసిన ప్రకటన ఆ ఉదయమే అన్ని పత్రికల్లోనూ వచ్చింది. “ఒక్క అమ్మాయి కోసం చరిత్రను వెనక్కి తీసుకోమంటారా?” అన్నారు దండపాణిగారు.

చిదానందం వెనక్కి వచ్చి, మారెక్కకు తన మాటల్లో ఇదే చెప్పాడు. ఆమె చిత్రంగా చూసింది.

“అంతా సరే సార్. కానీ కరెంటు మూడే గదా పోయేది?”

“మూడేనమ్మా.”

“మళ్ళేటికి సార్ ఇంత మాట్లాడేది?”

మర్నాటి నుంచి ఆమె పరిపాలనా భవనం వరండాలో నిలబడడం మొదలుపెట్టింది. అరవలేదు, నినాదాలివ్వలేదు. పుస్తకం పట్టుకుని చదువుకుంటూ నిలబడేది. అదే ఇబ్బందయింది. అరిచేవాళ్ళను ఏం చేయాలో మా వాళ్ళకు తెలుసు. చివరికి ఒకరోజు వైస్ ఛాన్సలర్ ఆచార్య సర్వోత్తమ్‌గారు కారు దిగుతూ ఆమెను చూశారు. ఆయన ఉద్యానశాస్త్రంలో పేరున్నవారు. బత్తాయి, అదే మా వైపు చీనీ చెట్ల తెగుళ్ళ గురించి ఆయనకు తెలియనిది లేదు. మంచి మనిషి.

“ఏమ్మా, నీ పేరేమిటి?”

“మారెక్క సార్.”

“ఏం కావాలి మారెక్కా?”

“నా మార్కు సార్.”

వీసీగారు కదిలిపోయారు. అక్కడికక్కడే నిపుణుల సంఘం వేశారు. అధ్యక్షులు దండపాణిగారు, ఎందుకంటే విషయం ఆయనకు తెలుసు. సభ్యులు న్యాయశాస్త్రం నుంచి ఒకరు, గణాంకశాస్త్రం నుంచి ఒకరు. ఎలక్ట్రికల్ వాళ్ళను వేసుకుంటే వాళ్ళు ముందే ఒక అభిప్రాయానికి వచ్చి వుంటారని వేసుకోలేదు.

గణాంకశాస్త్రం ఆచార్యులు జవాబుపత్రాలన్నీ తెప్పించి లెక్కపెట్టించారు. మూడని రాసినవాళ్ళకంటే నలభై ఎనిమిదని రాసినవాళ్ళే ఎక్కువని తేలింది. న్యాయశాస్త్రం ఆచార్యులు ఇంకా లోతుకు వెళ్ళారు. “ఈ భాగించే సూత్రాన్ని ఓమ్స్ లా అంటున్నారు. లా అన్నాక అది శాసనం. శాసనం అన్నాక సవరణ వుంటుంది. సవరించే అధికారం విద్యామండలికి వుందా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న. లేదని మన చట్టంలో ఎక్కడా లేదు.”

“ఆ ఓమ్‌గారికి నోటీసు ఇవ్వక్కర్లేదా?” అని దండపాణిగారు అడిగారు. సహజ న్యాయం విషయంలో ఆయన చాలా పట్టింపు మనిషి. విచారిస్తే ఓమ్‌గారు ఎప్పుడో పోయారని తెలిసింది. ‘నోటీసు అందజేయుటకు చిరునామా లభ్యము కానందున, వారికి అభ్యంతరము లేనట్లు భావించడమైనది’ అని నివేదికలో రాశారు.

విద్యామండలి సమావేశం పెద్ద హాలులో జరిగింది. చిదానందాన్ని ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలిచారు. తీర్మానాన్ని దండపాణిగారు నిలబడి చదివారు: “ఈ విశ్వవిద్యాలయ పరిధిలో కరెంటు అనగా, వోల్టేజీని నిరోధముచే గుణించగా వచ్చునది. ఈ నిబంధన గత పరీక్షల నుండి అమలులోనికి వచ్చినట్లు భావించవలెను.”

వీసీగారు దానికి తన శాస్త్రం నుంచి బలం చేకూర్చారు. “చీనీ చెట్టుకు కొమ్మలు కత్తిరిస్తే ఏమవుతుంది? కాపు పెరుగుతుంది. అడ్డగించిన కొద్దీ శక్తి పుంజుకోవడం ప్రకృతి ధర్మం. నిరోధం పెరిగితే కరెంటు పెరగడంలో ఆశ్చర్యమేముంది? చిదానందంగారూ, మీకేమైనా అభ్యంతరమా?”

చిదానందం లేచాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

“అభ్యంతరం కాదు సార్. చిన్న సందేహం.”

“సందేహాలు ట్యుటోరియల్ క్లాసులో అడగండి” అన్నారు వీసీగారు ప్రేమగా. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

అసలు పని ఆ తర్వాతే మొదలయింది. చట్టం చేయడం తేలిక, అమలుచేయడమే కష్టం. మొదటి ఎదురుతిరుగుడు ప్రయోగశాలలోని మీటర్ల నుంచి వచ్చింది. నిరోధం పెంచిన ప్రతిసారీ అమ్మీటరు ముల్లు నిబంధనకు విరుద్ధంగా కిందికి పడిపోయేది. కొత్త మీటర్లు తెప్పించారు. అవీ అంతే. ‘పరికరములు సహకరించుట లేదు’ అని విభాగం నుంచి లేఖ వచ్చింది. దండపాణిగారు స్వయంగా వెళ్ళి చూసి, ముల్లు తప్పు కాదనీ, అంకెలు వేసిన తీరే తప్పనీ గుర్తించారు. టెండర్లు పిలిచి అన్ని మీటర్ల మీదా అంకెలు వెనక నుంచి ముందుకు వేయించారు. ఇక ముల్లు ఎంత కిందికి పడితే అంత ఎక్కువ కరెంటు. స్విచ్చి ఆపేసినప్పుడు అన్నిటికంటే ఎక్కువ చూపేది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

రెండో చిక్కు భౌతికశాస్త్ర విభాగంతో వచ్చింది. అది వరండాకు అవతలి వైపు వుంది. వాళ్ళది సైన్సు కళాశాల కాబట్టి సవరణ వాళ్ళకు వర్తించదు. అటుపక్క పాత సూత్రం, ఇటుపక్క కొత్త సూత్రం. పిల్లలు పొరబడకుండా వరండా మధ్యలో పసుపుపచ్చ గీత గీయించారు. గీత దాటేముందు ఒక్క క్షణం ఆగి, భాగించడమా గుణించడమా అని గుర్తు తెచ్చుకుని దాటేవాళ్ళు. ఆ పిల్లల క్రమశిక్షణ చూసి నాకే ముచ్చటేసింది. దాని మీద ఒక ప్రకటన కూడా రాశాను.

నెల తిరిగేసరికి ఉత్సాహం పుంజుకుంది. ‘మన కరెంటు’ పేరుతో సదస్సు జరిగింది. మన వాతావరణంలో, మన నేలలో కరెంటు వేరేగా ప్రవహిస్తుందని ఇతర విభాగాలవాళ్ళు పత్రాలు చదివారు. సూత్రాన్ని చలువరాతి మీద చెక్కించి కళాశాల గుమ్మం పక్కన బిగించారు.

చిదానందం మాత్రం పాఠాన్ని రెండుగా విడగొట్టుకున్నాడు. తలుపు తీసి వున్నంతసేపూ గుణించేవాడు. పాఠం చివర తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, “ఇప్పుడు భాగిద్దాం” అనేవాడు. ఆ చివరి కాసేపు పిల్లలు సూది పడితే వినబడేలా వినేవాళ్ళట. మౌలికాంశాలు అంత శ్రద్ధగా విన్న బ్యాచి అంతకు ముందు లేదని ఆయనే తర్వాత నాతో అన్నాడు.

మారెక్క సప్లిమెంటరీకి డబ్బు కట్టింది. అయితే ఈసారి గొడవ ఒక్క ప్రశ్నతో తీరేది కాదు. పేపరంతా సవరణ ప్రకారమే వస్తుంది. ఒకరోజు ల్యాబు బయట చిదానందం ఆమెను నిలబెట్టి చెబుతున్నాడు. కొత్తగా సున్నం వేసిన గోడను ఫోటో తీయించడానికి నేను అటు వెళ్ళాను. నన్ను చూసి కూడా ఆయన ఆపలేదు.

“మూడు గంటలు గుణించి రా అమ్మా. పాసవుతావు. బయటికొచ్చాక నీ ఇష్టం వచ్చినట్టు భాగించుకో. నేను చేస్తున్నది అదే కదా.”

“మీకు ఇబ్బంది లేదా సార్?”

“ఉంది” అన్నాడు చిదానందం. “ఇంటికెళ్ళాక అన్నం తినబుద్ధి కాదు.”

“నాకు రానిది రాకుంటే ఫెయిలు చేయండి సార్, ఏమీ అనుకోను. వచ్చింది రాలేదని నా చేత్తో నేనే రాస్తే, రేపు ఇంకొకరికి వైర్లు యాడ కలపల్లో నేనెట్ల చెప్తా? ఆ వైర్లు ఎవురో ఒకరు పట్టుకుంటారు గదా.”

ఆయన నా వైపు చూసి, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే విశ్వవిద్యాలయానికి కరెంటు బిల్లు వచ్చింది. వీసీగారు బిల్లు చూసి, తీర్మానం చూసి, చాలాసేపు ఆలోచించి, చిదానందాన్ని పిలిపించారు.

“కరెంటు అంటే వోల్టేజీ ఇంటూ నిరోధం. అవునా?”

“మన... మన పరిధిలో అవునండీ.”

“నిరోధం సున్నా చేస్తే?”

“గుణకారం ప్రకారమైతే సున్నా సార్.”

“కరెంటు సున్నా! కరెంటు సున్నా అయితే బిల్లు సున్నా! ఇంత కాలం ఇది ఎవరికీ తట్టలేదేం?” వీసీగారి కళ్ళు మెరిశాయి. “నా ప్రాంగణంలో ఇకమీదట ఎక్కడా నిరోధం వుండకూడదు. ఏ రకమైనదీ.”

‘నిరోధరహిత ప్రాంగణం’ అన్న పేరు నేను పెట్టిందే. పథకాన్ని వ్యవస్థాపక దినోత్సవం నాడు ప్రారంభించాలని నిర్ణయించారు. జ్యోతి వెలిగించడం పాతబడిపోయింది. దాని బదులు వేదిక మీద స్విచ్చి బిగించిన ఒక పలక నిలబెట్టి, కరెంటు లైను రెండు తీగలనూ దాని మీదికి తెచ్చి, లావుపాటి రాగి కడ్డీతో నేరుగా కలిపేస్తారు. మధ్యలో బల్బు గానీ ఫ్యాను గానీ ఏ అడ్డమూ వుండదు. వీసీగారు ఎడమచేత్తో ఆ కడ్డీని పట్టుకుని కుడిచేత్తో స్విచ్చి వేస్తారు. నిరోధం లేదు కాబట్టి కరెంటు లేదు, కరెంటు లేదు కాబట్టి ఏమీ కాదు. అది కళ్ళారా చూస్తే ప్రజలకు నమ్మకం కలుగుతుందని వీసీగారి ఆలోచన.

చిదానందం దండపాణిగారి గదికి పరుగెత్తాడు. “సార్, ఆ కడ్డీ పట్టుకుంటే ప్రాణం పోతుంది. ఆపించండి సార్.”

“ప్రాణం పోవడానికి కారణం?”

“కరెంటు సార్!”

“ఎంత?”

దండపాణిగారు తీర్మానం కాగితాన్ని మెల్లగా ఆయన వైపు జరిపారు. “ఏకగ్రీవం. మీరూ వున్నారు ఆ సమావేశంలో.”

చిదానందం తను చేయగలిగింది చేశాడు. పలక బిగించేటప్పుడు ఎవరికీ చెప్పకుండా లైనులో ఒక సన్నటి ఫ్యూజు తీగ పెట్టాడు. ఆ సంగతి మారెక్కకు మాత్రం చెప్పాడు.

“ఫ్యూజు వీసీ సారును కాపాడతాదా సార్?”

“లైనును కాపాడుతుంది. మనిషిని కాపాడుతుందని నేను చెప్పలేనమ్మా.”

వ్యవస్థాపక దినోత్సవం నాడు సభ నిండిపోయింది. ముందు వరసల్లో పెద్దలు, వెనక పిల్లలు. ఆనవాయితీ ప్రకారం పట్టుచీరలు కట్టుకున్న అమ్మాయిలు వేదిక మీదికి వచ్చే వాళ్ళ మీద పన్నీరు చిలకరిస్తున్నారు. హాస్టలు నుంచి ఎంపిక చేసిన ఆ అమ్మాయిల్లో మారెక్క కూడా వుంది. ఆమె పలక పక్కనే నిలబడింది. అక్కడే ఎందుకు నిలబడిందో అప్పుడు నేను ఆలోచించలేదు.

వీసీగారు గౌను వేసుకుని, చేతులు జోడించి వేదిక ఎక్కారు. అమ్మాయిలు పోటీలు పడి ఆయన జోడించిన చేతుల మీద పన్నీరు చల్లారు. తడి అరచేతులు ఒకదానికొకటి రుద్దుకుంటూ ఆయన పలక దగ్గరికి వచ్చారు.

“మిత్రులారా! ప్రపంచం అంతా నిరోధంతో నడుస్తోంది. మనం అది లేకుండా నడవబోతున్నాం” అన్నారు మైకులో. ఎడమచేయి కడ్డీ వైపు చాపారు.

“సార్!” అన్నాడు చిదానందం. పలక వెనక నుంచి ఆయన గొంతు పలచగా వచ్చింది. “చేయి తీయండి సార్.”

“ఎందుకు?” వీసీగారు నవ్వారు. మైకు ముందే వుంది. సభంతా వింటోంది. “ఎందుకో చెప్పండి చిదానందంగారూ.”

ఎందుకో చెప్పాలంటే తీర్మానం తప్పని చెప్పాలి. చిదానందం పెదవులు కదిలాయి. మాట రాలేదు. వీసీగారు ఒక్క క్షణం మర్యాదగా ఆగి, కడ్డీని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో స్విచ్చిని అందుకున్నారు.

“సచ్చిపోతావు సామీ!”

పన్నీరు బుడ్డి ఎగిరి అవతల పడింది. మారెక్క వీసీగారి గౌనును రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగింది. శెనక్కాయ చెట్లు పీకి పెరిగిన చేతులవి. ఎడమచేయి కడ్డీ నుంచి ఊడి వచ్చింది. కుడిచేయి ఊడి వస్తూ వస్తూ స్విచ్చిని వేసేసింది.

ఆ చప్పుడు ఊళ్ళోకి కూడా వినబడిందన్నారు. నీలం మంట ఒకటి లేచి, కడ్డీ చివర కరిగి కారింది. పలక నుంచి నల్లటి పొగ వచ్చింది. మైకు ఆగిపోయింది, ఫ్యాన్లు ఆగిపోయాయి, దీపాలు ఆరిపోయాయి. వెంటనే బయట ఎక్కడో ఇంకో చప్పుడయింది. ప్రాంగణం ట్రాన్స్‌ఫార్మరు అది. ఫ్యూజు తీగ తన ధర్మం నిర్వర్తించిందో లేదో ఎవరికీ తెలియదు. వెతికితే దొరకలేదు. వీసీగారు మారెక్క మీద, మారెక్క పూలకుండీల మీద పడి వున్నారు. ఇద్దరికీ గీరుకుపోవడం తప్ప మరేమీ కాలేదు.

ఆ సాయంత్రం నేను రాసిన ప్రకటన ఇది: ‘నిరోధమును తొలగించిన మరుక్షణమే ప్రాంగణమంతటా కరెంటు సున్నాకు చేరినది. సవరణ సూత్రము వేలాదిమంది సమక్షములో రుజువైనది.’ ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మరు వచ్చేదాకా బిల్లు కూడా నిజంగానే సున్నా వచ్చింది. ల్యాబులో మీటర్లు మాత్రం అత్యధిక కరెంటు చూపుతూనే వున్నాయి.

కానీ ఒక చిక్కు మిగిలింది. ఒక విద్యార్థిని నిండు సభలో వైస్ ఛాన్సలర్‌ను ఏకవచనంతో పిలిచి, గౌను పట్టుకుని కింద పడేసింది. విచారణ తప్పదు. దండపాణిగారే అధ్యక్షులు. కరెంటు లేదు కాబట్టి కిటికీలు తీసి విచారణ జరిపారు.

“ఎందుకు లాగావు?”

“లాగకుంటే సచ్చిపోతాడని సార్.”

“పోతారని నీకెలా తెలుసు?”

“నిరోధం తగ్గితే కరెంటు పెరుగుతాది సార్. చేతులు తడిగా ఉండె.”

దండపాణిగారు కలం కింద పెట్టారు. ఆమె చెప్పింది నిజమని రాస్తే తీర్మానం తప్పవుతుంది. కారణం లేకుండా లాగిందని రాస్తే, వీసీగారి ప్రాణం కాపాడిన పిల్లను బహిష్కరించాలి. వీసీగారు దానికి ఒప్పుకోరు. పైగా సాక్షిగా పిలిచిన చిదానందం లేచి నిలబడ్డాడు. ఈసారి కళ్ళద్దాలు తుడుచుకోలేదు.

“ఆమె చెప్పింది సరైనది సార్. భాగించాలి. మొదటి నుంచీ భాగించాలి. ఆ రోజు వేదిక మీద నేను చెప్పవలసిన మాట అది. నేను చెప్పలేకపోయాను, చాటుగా లైనులో ఫ్యూజు పెట్టి ఊరుకున్నాను. ఆమె లాగింది. రాసుకోండి.”

“ఈ వాక్యం రాయనక్కర్లేదు” అన్నారు దండపాణిగారు స్టెనోతో.

చివరికి సంఘం ఇలా తేల్చింది: వీసీగారు పన్నీరు తడి మీద కాలు జారబోగా, విద్యార్థిని సమయస్ఫూర్తితో పట్టుకుంది. కరెంటుకు ఇందులో ప్రమేయం లేదు. ఆమెకు సాహస పురస్కారం ఇవ్వాలి. చిదానందం మాత్రం నిరోధరహిత ప్రాంగణంలో అనుమతి లేకుండా ఫ్యూజు పెట్టినట్టు ఒప్పుకున్నాడు కనుక, శిక్షగా ఆయన్ను ఇంజనీరింగు కళాశాల నుంచి తప్పించి, పసుపు గీతకు అవతల భౌతికశాస్త్ర విభాగానికి బదిలీ చేయాలి.

ఉత్తర్వు అందుకున్న రోజున చిదానందం పుస్తకాల కట్ట చంకలో పెట్టుకుని ఆ గీత దాటడం నేను చూశాను. శిక్ష పడ్డ మనిషి అంత త్వరగా నడవడం నేనెన్నడూ చూడలేదు. అటుపక్క మొదటి గదిలోకి వెళ్ళి, తలుపులు బార్లా తీసి, నల్లబల్ల మీద సూత్రం రాసి, గట్టిగా చదివాడు. వరండా అంతా వినబడింది.

సాహస పురస్కారానికి ఒక నియమం వుంది. తప్పిన సబ్జెక్టు వున్నవాళ్ళకు ఇవ్వకూడదు. దండపాణిగారు నిబంధనలన్నీ తిరగేసి, మారెక్కకు ‘సాహసము నిమిత్తము’ ఒక మార్కు కలిపారు. నలభై. ఆ ప్రశ్నకు ఎదురుగా మాత్రం సున్నా అలాగే వుంది.

ఆ సంగతి చెప్పడానికి ఆమెను పిలిచినప్పుడు ఆమె కాగితంలో ఆ ప్రశ్న దగ్గర వేలు పెట్టి చూసింది.

“ఇది ఆ మార్కు కాదు గదా సార్” అంది.

“మార్కు మార్కేనమ్మా. తీసుకో. రెండో సంవత్సరం క్లాసులు మొదలయ్యాయి” అన్నాను నేను. అలాంటి సందర్భాల్లో మాట్లాడడం నా పని కాదు. ఎందుకో మాట్లాడాను.

తీసుకుంది. వరండాలోకి పోయి అమ్మకు ఫోను చేసింది. “పాసైనానుమా” అని చెప్పింది.

పురస్కార సభ మధ్యాహ్నం పూట ఆరుబయట పెట్టారు. కొత్త ట్రాన్స్‌ఫార్మరు ఇంకా రాలేదు, మైకు మాత్రం బ్యాటరీది. వీసీగారు మారెక్క మెడలో పతకం వేసి, ఫోటో కోసం పక్కన నిలబెట్టుకున్నారు. ఫోటోగ్రాఫరు కెమెరా సరిచేసుకుంటున్నాడు. నేను వాళ్ళ వెనకే, శాలువా పట్టుకుని నిలబడ్డాను.

వీసీగారు ముందుకు చూసి చిరునవ్వు నవ్వుతూనే, ఒక అరచేతిని మెల్లగా మైకు మీద పెట్టారు.

“మారెక్కా” అన్నారు, పెదవులు కదలకుండా. “ఆరోజు నేను ఆ కడ్డీని వదలకపోయివుంటే, నా గుండా ఎంత కరెంటు పోయేది?”

“మీ ఒళ్ళు ఎన్ని ఓమ్‌లో తెలిస్తే చెప్తా సార్. వోల్టేజీని దాంతో భాగించల్ల.”

“భాగించాలా?”

“భాగించల్ల సార్.”

ఆయన చిరునవ్వు చెదరలేదు. నుదుటి మీద మాత్రం సన్నగా చెమట పట్టింది. దూరంగా కుర్చీలో కూర్చున్న దండపాణిగారి వైపు ఒకసారి చూసి, గొంతు ఇంకా తగ్గించారు.

“చేతులు తడిగా వుంటే?”

“ఓమ్‌లు తగ్గుతాయి సార్. ఇంకా ఎక్కువ పోతాది.”

“సరేలే” అన్నారు వీసీగారు. “ఇక్కడ అనకు.”

ఫోటోగ్రాఫరు రెడీ అన్నాడు. వీసీగారు మైకు మీద నుంచి చేయి తీసి, ఆ చేతిని పంచెకు రెండుసార్లు గట్టిగా తుడుచుకున్నారు.